పి. సన్యాసమ్మ స్వయముగా హాజరు కావలెను

పిన్నింటి సన్యాసమ్మ యాభై మూడేళ్ళు తాను ఒక్క మనిషినే అనుకుంటూ బతికేసింది. పుట్టినప్పుడు ఒక్కర్తే పుట్టింది. పెళ్ళిపీటల మీద ఒక్కర్తే కూర్చుంది. మొగుడు పోయినప్పుడు ఒక్కర్తే ఏడ్చింది. తనలో ఇద్దరున్నారనీ, ఆ ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి తెలియదనీ జగన్నాథపట్నం కరెంటాఫీసు కంప్యూటరు చెప్పేదాకా ఆమెకే కాదు, గెడ్డవలస ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు.

సంగతి బీర పందిరి దగ్గర మొదలైంది. గెడ్డ వాగు పక్కన, ఇంటి వెనకే, ఆమెకి ఎకరం పది సెంట్లుంది. అందులో పన్నెండు సాళ్ళు బీర పెట్టి, వెదురూ తీగా కొని పందిరి వేయించింది. ఆ పొలానికో బోరు, బోరుకో మోటారు, గట్టు మీదో స్తంభం, స్తంభం మీద ఆమె ఒక్కదాని బోరు కోసమే పెట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు. ఎండలు ముదురుతున్న రోజులు. పందిరి నిండా పసుపుపచ్చ పూత, పూత కింద చిటికెన వేలంత పిందెలు. అలాంటి గురువారం మిట్టమధ్యాహ్నం స్తంభం మీద టపాకాయ పేలినట్టు పేలి, నల్లటి నూనె కారి, మోటారు ఆగిపోయింది.

లైన్‌మ్యాన్ వచ్చి కింద నుంచే చూసి తేల్చేశాడు. "కాలిపోనాది పిన్నీ. షెడ్డులో కొత్తవి బోల్డున్నాయి. ఆఫీసుకెళ్ళి కాయితం పెట్టించుకురా, మర్నాడే బిగించేత్తాను" అన్నాడు.

బీరపాదు మొహమాటం లేని పంట. రెండు రోజులు నీళ్ళు లేకపోతే ఆకు వేలాడేస్తుంది, నాలుగో రోజుకి పిందె రాలుస్తుంది, వారం దాటితే పాదే పోతుంది. అందుకని సన్యాసమ్మ పాసుపుస్తకం కొంగున కట్టుకుని ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది.

ఆమెకి తెలియనిదేమంటే, అప్పటికి పది రోజుల కిందటే ఆ ఆఫీసులో ఒక మహోద్యమం మొదలైంది.

అక్కడి డివిజనల్ ఇంజనీరు గారి పేరు వేమకోటి రాజగోపాల్. అందరూ డీఈ గారంటారు. మంచివాడు. పొద్దున్నే స్నానం, నుదుట గంధం, పరాయివాళ్ళ చేతి కాఫీ తాగని నియమం. ఆయన్ని పైవాళ్ళు మూడు రోజుల శిక్షణకి పంపించారు. సమాచారాన్ని శుద్ధి చేయడం ఎలాగో అక్కడ చెప్పారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళిన డీఈ గారు, దీక్ష తీసుకున్నవాడిలా తిరిగొచ్చాడు. రాగానే కంప్యూటర్ ఆపరేటర్ ఇజ్జాడ పార్వతీశాన్ని పిలిచి, మన దగ్గరున్న కనెక్షన్ల జాబితాలో పేర్లూ, రెవెన్యూ వాళ్ళ దగ్గరున్న భూముల జాబితాలో పేర్లూ సరిపోతున్నాయో లేదో చూసే మాక్రో ఒకటి రాయమన్నాడు.

మాక్రో అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒకసారి పని చెప్పి పెడితే, ఆ తర్వాత ఒక్క మీట నొక్కగానే కంప్యూటరు వేల వరుసలు తనంతట తనే చూసుకుపోతుంది. సరిపోతే పచ్చరంగు, సరిపోకపోతే ఎర్రరంగు. పార్వతీశం పదిహేనేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాడు, పని తెలిసినవాడు. అతనికి మొదట్లోనే ఒక చిక్కు కనిపించింది. రెవెన్యూ వాళ్ళు ఇంటిపేరు పూర్తిగా రాస్తారు. కరెంటాఫీసు గుమాస్తాలు నలభై ఏళ్ళ నుంచీ ఇంటిపేరుకి ఇంగ్లీషు మొదటి అక్షరం ఒకటి, అక్షరం పక్కన ఒక చుక్క పెట్టి ఊరుకుంటున్నారు. అక్కడ పిన్నింటి సన్యాసమ్మ. ఇక్కడ పి. సన్యాసమ్మ. మన దేశంలో కళ్ళున్న ఏ మనిషికైనా అదీ ఇదీ ఒకటే. కంప్యూటరుకి కళ్ళు లేవు.

పార్వతీశం అందుకని చుక్క ఉన్నచోట ఏ ఇంటిపేరైనా ఉండొచ్చని మాక్రోకి చెప్పి చూశాడు. అది మరీ ఉదారంగా తయారైంది. ఒక్క పి. సన్యాసమ్మని తీసుకెళ్ళి పిన్నింటి సన్యాసమ్మకీ, పతివాడ సన్యాసమ్మకీ, పొట్నూరి సన్యాసమ్మకీ ముగ్గురికీ అంటగట్టింది. ఆ పట్టికని డీఈ గారు పై అధికారుల ముందు తెర మీద వేసి చూపిస్తుంటే, ఒక స్తంభానికి ముగ్గురు యజమానులు కనబడి, ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు డీఈ గారి గుండెలో మేకులా దిగింది. తిరిగొచ్చి, ఇక మీదట అక్షరానికి అక్షరం సరిపోతేనే సరిపోయినట్టనీ, చుక్కకి ఎలాంటి దయాదాక్షిణ్యాలు ఉండవనీ తేల్చేశాడు. మాక్రో మారింది. మీట నొక్కారు. పదకొండు వేల నాలుగువందల పన్నెండు వరుసల్లో తొమ్మిది వేల పైచిలుకు మిరపపళ్ళు ఆరబోసినట్టు ఎర్రబారిపోయాయి.

పార్వతీశం చేతులు కట్టుకుని చెప్పాడు. చుక్క ఉన్నచోట ఇంటిపేరు మొదటి అక్షరం చూడమని, దాంతోపాటు ఊరి పేరూ, స్తంభం మీద రాసున్న సర్వీసు నంబరూ కలిపి చూడమని ఒక్క లైను రాస్తే చాలని, పది నిమిషాల పనని.

డీఈ గారు చాలా శాంతంగా విన్నాడు. "పార్వతీశం, నంబరు యంత్రానికి సంబంధించినది. పేరు మనిషికి సంబంధించినది. మనది నామ సరిపోలిక ఉద్యమం. పోతే, ఆ మాక్రో ఆమోదం పొందిన మాక్రో. దానికి ఫైలు నంబరు ఉంది. దాన్ని మార్చాలంటే ప్రధాన కార్యాలయం అనుమతి కావాలి. మనుషుల్ని మార్చడానికైతే నా స్థాయిలోనే అధికారం ఉంది" అన్నాడు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మాక్రో పరీక్షయందు ఎరుపు వర్ణము పొందిన ప్రతి వరుసలోను ఇద్దరు వ్యక్తులు కలరని భావించవలెను. చుక్కతో కూడిన పేరు గలవారు సంక్షిప్త వ్యక్తి అనియు, చుక్క లేనివారు సంపూర్ణ వ్యక్తి అనియు వ్యవహరింపబడుదురు. సంపూర్ణ వ్యక్తికి ఎట్టి సేవ అందించవలెనన్నను సంక్షిప్త వ్యక్తి యొక్క నిరభ్యంతరము అవసరము. ఉభయులును సమన్వయ విచారణకు స్వయముగా హాజరు కావలెను. ఎరుపు వర్ణము గలవారు చేసిన సంతకములు చెల్లనేరవు."

సన్యాసమ్మ వచ్చేసరికి కౌంటరు దగ్గర పార్వతీశమే ఉన్నాడు. పాసుపుస్తకం చూశాడు, తెర చూశాడు, ఆమె మొహం చూడలేక మళ్ళీ తెరే చూశాడు. పొలం పిన్నింటి సన్యాసమ్మదని, కరెంటు పి. సన్యాసమ్మదని, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు పి. సన్యాసమ్మది కాబట్టి కొత్తది ఆవిడకే ఇవ్వాలని, కానీ ఆవిడకి పొలం లేదని, పొలం లేనివాళ్ళకి ఇవ్వకూడదని వివరించాడు.

"ఆవిడెవులు బాబూ?" అంది సన్యాసమ్మ.

"మీరేనమ్మా."

"నానైతే నాకే ఇచ్చీ."

"మీరే అని నాకు తెలుసు. దానికి తెలీదు." పార్వతీశం కంప్యూటరు కేసి గడ్డంతో చూపించాడు.

"దానికి తెలీకపోతే నువ్వు సెప్పు. నీ కొలువు అందుకే గదా?"

పార్వతీశానికి పదిహేనేళ్ళలో తన ఉద్యోగం గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. తలొంచుకుని, విచారణకి నోటీసు ఇంటికే వస్తుందని మాత్రం చెప్పాడు.

శనివారం నాటికి ఆకులు వేలాడాయి. సన్యాసమ్మ అరఫర్లాంగు దూరంలో తన తోడికోడలు రాములమ్మ బావి నుంచి బిందెలతో మోసుకొచ్చి పాదులకి పోయడం మొదలుపెట్టింది. పన్నెండు సాళ్ళకీ మోసే సత్తువ ఒక మనిషికి ఉండదు. ఐదు సాళ్ళకి పోసి, మిగతా ఏడింటివైపు చూడకుండా వచ్చేసేది. రాములమ్మ బావిగట్టు మీద కూర్చుని, చేద అందిస్తూ, "నువ్విద్దరంట గదే. ఆ రెండో సన్యాసమ్మని కూడా రమ్మను. చెరో బిందె మోత్తే ఏగిరం అయిపోద్ది" అనేది.

సోమవారం నోటీసులు వచ్చాయి. తెచ్చినవాడు ఆఫీసు అటెండరు గౌరీసు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పాత మోపెడ్డు, ఖాకీ చొక్కాకి రెండు బొత్తాలు లేవు. రెండు కవర్లు తీసి, ఒకటి ఆమె చేతికిచ్చి సంతకం పెట్టించుకుని, రెండోది పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"అదీ ఇచ్చీ అన్నా."

"ఇది ఆవిడిది సెల్లమ్మా. ఒకరి నోటీసు ఇంకొకరు తీసుకోరాదని కింద రాసుంది. ఆవిడ వచ్చేదాకా కూకుంటాను." గౌరీసు ఇబ్బందిగా నవ్వాడు. "నాకూ తెలుసు. అయినా డీఈ గారు అడుగుతారు, ఇద్దర్నీ సూసావా అని. నాను అబద్ధం సెప్పలేను."

సన్యాసమ్మ ఒక నిమిషం అతన్ని ఎగాదిగా చూసింది. ఇంట్లోకి వెళ్ళి, తలుపు వేసుకుని, నేత చీర విప్పి పెట్టెలోని నీలం చీర కట్టుకుని, నెత్తి మీదకి కొంగు లాక్కుని బయటికొచ్చింది. వీధిలో ఆడుకునే పిల్లలు ఆగిపోయి చూశారు. గౌరీసు లేచి నిలబడ్డాడు. "తమరి పేరమ్మా?" అనడిగాడు మర్యాదగా. ఆమె చెప్పింది. సంతకం పెట్టింది. గౌరీసు మోపెడ్డు తిప్పుకుంటూ, "ఈవిడ కొంచెం కోపిస్టి మనిషిలా ఉంది" అని, అరుగు పక్కన నిలబడి చూస్తున్న రాములమ్మతో చెప్పి వెళ్ళిపోయాడు.

బుధవారం విచారణ. డీఈ గారి గదిలో బల్ల ముందు రెండు కుర్చీలు వేసి, ఒకదాని వీపుకి సంపూర్ణ వ్యక్తి అని, రెండోదానికి సంక్షిప్త వ్యక్తి అని కాగితాలు అతికించారు. పార్వతీశం రాసుకోవడానికి పక్కన కూర్చున్నాడు. సన్యాసమ్మ మొదటి కుర్చీలో కూర్చుంది. డీఈ గారు ఆమెని ఊరూ పేరూ అడిగి, రెండో కుర్చీ కేసి చూసి, గడియారం చూసి, సంక్షిప్త వ్యక్తి గైర్హాజరు అయినందున విచారణ పదిహేను రోజులు వాయిదా వేస్తున్నట్టు చెప్పబోయాడు.

పదిహేను రోజులంటే పందిరి మీద మిగిలేది ఎండు తీగే. సన్యాసమ్మ లేచి, వరండాలోకి వెళ్ళి, కొంగు నెత్తి మీదకి లాక్కుని లోపలికొచ్చి రెండో కుర్చీలో కూర్చుంది.

గౌరవనీయులైన డీఈ గారికి కళ్ళున్నాయి. కానీ కంటికి కనబడినదంతా దస్త్రంలోకి ఎక్కదని ఆయనకి ఇరవై ఆరేళ్ళ సర్వీసు నేర్పింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "శ్రీమతి పి. సన్యాసమ్మ గారూ, పక్క కుర్చీకి చెందిన శ్రీమతి పిన్నింటి సన్యాసమ్మ గారితో తమరికి పూర్వ వైరమేదైనా కలదా?"

"నేదు బాబూ."

"ఆమెకు సదరు పరికరము అందజేయుటలో తమరికి అభ్యంతరము?"

సన్యాసమ్మ ఖాళీ కుర్చీ కేసి తిరిగి కాసేపు చూసింది. రోజూ చూసే మనిషిని కాస్త దూరం నుంచి చూసినట్టుంది ఆమెకి. "నాకేటి అబ్యంతరం. మంచి మనిషే. మొగుడు పోయినా పొలం అమ్మకండా నిలబెట్టుకున్నాది. ఐదు రోజుల నుంచీ బిందెలు మోసి మోసి భుజాలు పడిపోనాయి దానికి. ఇచ్చేయండి బాబూ" అంది.

పార్వతీశం కలం ఆగిపోయింది. డీఈ గారు మాత్రం తృప్తిగా తలూపి, ఇక గుర్తింపు కార్డులు చూపించమన్నాడు. ఆమె దగ్గర ఒకే కార్డు ఉంది. దాని మీద పిన్నింటి సన్యాసమ్మ అని పూర్తిగా ఉంది.

"ఇది సంపూర్ణ వ్యక్తి కార్డు. అనగా సంక్షిప్త వ్యక్తి ఉనికే నిరూపణ కాలేదు. ఉనికి లేని వ్యక్తి నిరభ్యంతరము తెలుపజాలదు. వాయిదా."

సన్యాసమ్మ అరవలేదు. ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి. తెచ్చిన నోటీసు మడత విప్పి కింద సంతకం చోటు చదివింది. ఆ తర్వాత బల్ల మీదున్న ఇత్తడి పేరు పలక చదివింది.

"ఈ కాయితం రాసింది వి. రాజగోపాల్ గారంట. ఈ బల్ల వేమకోటి రాజగోపాల్ గారిదంట. ఆ చుక్క బాబుని కూడా పిలిపించండి. ఆయన కార్డు చూసినాకే నాను ఎల్తాను."

పార్వతీశం ఇక తన కాంట్రాక్టు ఈ పూటతో సరి అనుకున్నాడు. డీఈ గారికి కోపం రాలేదు. ఆయన మొహం మెల్లగా వెలిగింది. శిక్షణలో మూడో రోజు చెప్పిన మాట, శుద్ధి తన నుంచే మొదలవ్వాలన్నది, ఆయనకి ఇప్పుడు బోధపడింది.

"ఈ తల్లి కళ్ళు తెరిపించింది. పార్వతీశం, మన సిబ్బంది మీద నడుపు" అన్నాడు.

డివిజన్ మొత్తం మీద అరవై మూడు మంది. సర్వీసు పుస్తకాల్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, హాజరు పట్టికలో చుక్క ఉంది. మీట నొక్కగానే డీఈ గారితో మొదలై కింది దాకా తెర ఎర్రగా మండింది. ఉత్తర్వు ఆయనదే, ఎరుపు వర్ణం గలవారి సంతకాలు చెల్లవు. డీఈ గారు కలం మూత పెట్టి, పేరు పలకని బోర్లించి, గది బయటకొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. వి. రాజగోపాల్ గారికీ వేమకోటి రాజగోపాల్ గారికీ చెరో నోటీసు రిజిస్టరు పోస్టులో పంపించమన్నాడు. ఒకటి ఇంటికి, ఒకటి ఆఫీసుకి. ఆఫీసుకొచ్చింది తీసుకోవడానికి ఆయనకి అధికారం లేదు, ఇంటికొచ్చింది తీసుకోవడానికి ఆయన ఇంట్లో లేడు.

సన్యాసమ్మ తెలివి ఆమెకే అడ్డం తిరిగింది. ఇదివరకు ఒక్క ఆమె కాయితమే ఆగింది, ఇప్పుడు డివిజన్‌లో ఏ కాయితమూ కదలడం లేదు. నిన్నటిదాకా సంతకం పెట్టనన్న మనిషి ఉండేవాడు, ఇప్పుడు ఆ మనిషీ లేడు. పక్క ఊళ్ళో ఇంకో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయాయి. ఆ రైతులు బస్సులో ఆమెని గుర్తుపట్టి, మా తల్లే, నీ నోరు కట్టుకోలేకపోయావా అన్నారు. రాములమ్మ కూడా వేళాకోళం మానేసి రెండు బిందెలు తనే మోసిపెట్టింది. అది సన్యాసమ్మకి వేళాకోళం కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఏడు సాళ్ళు వడలి, ఎండి, చేత్తో పట్టుకుంటే పొడి అవుతున్నాయి. మిగిలిన ఐదు సాళ్ళలోనూ పిందె రాలడం మొదలైంది.

మోటారు ఆగిన పదో రోజున మళ్ళీ బస్సెక్కింది. వరండాలో డీఈ గారు టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన విచారణ తేదీ ఎప్పుడో ఆయనకే తెలియదు. సన్యాసమ్మని చూసి ప్రసన్నంగా నవ్వి, ఓపిక పట్టాలమ్మా, నేనూ పడుతున్నాను కదా అన్నాడు. ఆమె ఆయన్ని దాటి పార్వతీశం దగ్గరికెళ్ళి నిలబడింది. గోడకి సిబ్బంది పట్టిక అంటించి ఉంది. రంగుల్లో అచ్చు వేశారు.

ఎర్ర కాగితం మీద అట్టడుగున, చీమంత వెడల్పున, ఒక్క పచ్చ గీత కనబడిందామెకి.

"బాబూ, ఈ పచ్చటోడెవులు?"

పార్వతీశం లేచొచ్చి చూశాడు. అట్టడుగు వరుస కాబట్టి అప్పటిదాకా అక్కడికి ఎవరి కన్నూ దిగలేదు. అక్కడ రెండు గడుల్లోనూ ఒకే ఒక్క మాట ఉంది. గౌరీసు. ముప్పై ఆరేళ్ళ కిందట అతన్ని రైల్వే స్టేషను టీ కొట్టు దగ్గర నుంచి తీసుకొచ్చి పనిలో పెట్టుకున్న ఇంజనీరు గారు ఇంటిపేరు అడిగితే, తెలీదు బాబూ అన్నాడు. గుమాస్తా ఉన్నది రాశాడు. కుదించడానికి ఏమీ లేదు కాబట్టి ఆ తర్వాత ఎవరూ కుదించలేదు. అరవై మూడు మందిలో అక్షరానికి అక్షరం సరిపోయిన మనిషి అతనొక్కడే.

డీఈ గారికి చూపించారు. ఆయన నిబంధనల పుస్తకం తెప్పించుకుని అరగంట చదివాడు. పై స్థానంలో ఉన్నవారు సంతకానికి అనర్హులైనప్పుడు తదుపరి అర్హునికి బాధ్యతలు అప్పగించవలెను అని ఉంది. తదుపరి అర్హుడు అరవై మూడో వరుసలో ఉండకూడదని ఎక్కడా లేదు. ఆయన పుస్తకం మూసి, గౌరీసుని పిలిచి, లేచి నిలబడ్డాడు. "గౌరీసు గారూ, లోపలికి దయచేయండి" అన్నాడు. బాధ్యతల అప్పగింత ఉత్తర్వు మీద ఆయన సంతకం చెల్లదు కాబట్టి, దాని మీద కూడా గౌరీసే సంతకం పెట్టుకున్నాడు. నాలుగక్షరాలు కూడా లేని ఆ సంతకానికి రెండు నిమిషాలు పట్టింది.

కుర్చీ అంచు మీద కూర్చున్న గౌరీసు ముందు సన్యాసమ్మ ఫైలు పెట్టారు. నలభై మూడు పేజీలు. అతను చదవబోయి, మానేసి, లైన్‌మ్యాన్‌ని పిలిపించాడు.

"కాలిందా?"

"కాలింది."

"షెడ్డులో కొత్తది ఉందా?"

"ఉంది."

"మరి అట్టుకెళ్ళి పెట్టెయ్."

సీనియర్ అసిస్టెంటు ఒకాయన, పరిశీలన లేదు, అభిప్రాయం లేదు, ఇంత పచ్చిగా ఉత్తర్వు ఎలా ఇస్తారని వరండాలో వాపోయాడు. డీఈ గారు కూడా బాధపడ్డాడు గాని, పచ్చ వరుసని ఎర్ర వరుస విమర్శించకూడదని ఊరుకున్నాడు. ఆ సాయంత్రం నాలుగున్నరకి గెడ్డవలస గట్టు మీద మోటారు దగ్గి, రెండుసార్లు గాలి కక్కి, నీళ్ళు తోడింది. సన్యాసమ్మ పైపు కింద కాళ్ళు పెట్టుకుని కూర్చుండిపోయింది. ఐదు సాళ్ళు బతికాయి.

గౌరీసు పరిపాలన నాలుగు రోజులు నడిచింది. ఆ నాలుగు రోజుల్లో ఇరవై ఏడు ట్రాన్స్‌ఫార్మర్లు, పధ్నాలుగు తీగ మరమ్మతులు, ఒక వంగిపోయిన స్తంభం. ఐదో రోజు ప్రధాన కార్యాలయం ఉలిక్కిపడింది. జగన్నాథపట్నం డివిజన్‌లో అసాధారణ వేగం గమనించబడినదని, ఇందులో ఏదో లోపం ఉండి తీరునని తాఖీదు వచ్చింది. విచారణ సంఘం వచ్చింది, చూసింది, వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. ఒకటి, అధికారుల హోదాలో ఉన్నవారి వరుసలు సరిపోయినట్టే భావించవలెను. రెండు, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారి వరుస ఇకపై ఎరుపు.

అధికారుల వరుసలు పచ్చబడటానికి మాక్రోలో మార్పు కావాలి కదా. పార్వతీశాన్నే పిలిచారు. చుక్క ఉన్నచోట ఇంటిపేరు మొదటి అక్షరం చూసి, ఉద్యోగి నంబరుతో సరిపోల్చుకుంటే చాలని ఒక్క లైను రాశాడు. పది నిమిషాలు పట్టింది. అది రైతుల వరుసలకి కూడా వర్తింపజేయమంటారా అని అడిగితే, అది విధాన నిర్ణయమని, పరిశీలనలో ఉంచామని అన్నారు. డీఈ గారు పేరు పలకని మళ్ళీ నిలబెట్టి, కలం మూత తీశాడు.

ఆ తర్వాతి ఆదివారం గౌరీసు మోపెడ్డు మీద గెడ్డవలస వచ్చాడు. ఈసారి అతని దగ్గర ఎవరి నోటీసులూ లేవు, తనవే ఉన్నాయి. రెండు. ఒకటి ఇంటిపేరు లేని గౌరీసుకి, రెండోది ఇంటిపేరు గల గౌరీసుకి. ఉభయులూ శుక్రవారం హాజరు కాని పక్షంలో ఉద్యోగం విషయమై తగు చర్య. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది.

సన్యాసమ్మ అన్నం పెట్టింది. బీరకాయ పప్పు, నెయ్యి. అతను వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక, "ఇంటిపేరు గల గౌరీసుని నాను ఎక్కడ నుంచి తేను సెల్లమ్మా? ఉంటే నానే కలుసుకుందును. ఆడికి అమ్మా నాన్నా ఎవులో అడుగుదును" అన్నాడు.

ఆమె పందిరి కిందకెళ్ళి, లేత కాయలు ఏరి సంచీ నింపి, దాన్ని అతని మోపెడ్డుకి తగిలించింది. వడలిపోయిన ఏడు సాళ్ళలో అప్పటికే దున్ని మళ్ళీ గింజ పెట్టింది. అక్కడ తడి మన్ను వాసనేస్తోంది.

"శుక్రవారం ఎన్ని గంటలకి?"

"పదకొండుకి."

"రెండో కుర్చీ ఖాళీగా ఉంచకు. నానొచ్చి కూకుంటాను."

"నువ్వా? నువ్వెలా గౌరీసువవుతావు?"

"ఆళ్ళ మిషన్ మొహాలు సూడదు గదా. అడిగితే పిన్నింటి గౌరీసునంటాను. ఇంటిపేరు నాకు ఒకటి ఉండనే ఉన్నాది, ఇద్దరం వాడుకుందాం. నా అన్నవనుకుంటాను."

గౌరీసు మోపెడ్డు స్టాండు తీయబోయినవాడు అలాగే ఆగిపోయి, ఖాకీ చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అవి తుడిచినా మసగ్గానే ఉన్నాయేమో, మళ్ళీ తుడుచుకున్నాడు. అరుగు మీద నుంచి రాములమ్మ, మీసాలు ఎక్కడ నుంచి తెస్తావే అని కేకేసింది. సన్యాసమ్మ ఆ మాట విననట్టే ఇంట్లోకి వెళ్ళి పెట్టె మూత తీసింది. నీలం చీర పి. సన్యాసమ్మది. నేత చీర పిన్నింటి సన్యాసమ్మది. గౌరీసుకి ఏది బాగుంటుందా అని, పోయిన మొగుడి ఖాకీ చొక్కా ఒకటి అడుగు నుంచి తీసి, దులిపి, తలుపు దగ్గర వెలుతురుకి పట్టుకుని చూసింది.